నీడలో పెరిగే గడ్డి

తిరుపతి
అక్టోబరు 13

అక్కకు,

ఈ ఉదయం ఆస్పత్రి తోటమాలి నీళ్ళ పైపును గడ్డిలో వదిలేసి టీకి వెళ్ళాడు. నీళ్ళు గడ్డి నిండి దారి మీదికి వచ్చాయి. లోపలికి వెళ్ళేవాళ్ళందరూ చెప్పులు చేత్తో పట్టుకొని నడిచారు. చూస్తే గుడికి వెళ్తున్నట్టే ఉంది.

నువ్వు అడిగిన గడ్డి కోసం వెళ్ళాను. నువ్వు పడుకున్న గది కిటికీ గుర్తుపట్టాను. దాని ఎదుట వేపచెట్టు, దాని కింద గడ్డి. నువ్వు రాసినట్టే నీడలో కూడా పచ్చగా ఉంది. తోటమాలి టీ తాగి వచ్చాక పేరు అడిగాను. అడగడానికి ముందు ఆ చుట్టుపక్కలే చాలాసేపు తిరిగాను, నా సంగతి నీకు తెలుసు. ఆయన నన్నోసారి చూసి, "గడ్డిమ్మా" అన్నాడు. ఏ గడ్డి అని అడిగితే "లాన్ గడ్డి" అన్నాడు.

స్కూల్లో జెస్సీ సిస్టర్ ఏం చెప్పేవారో గుర్తుందా? పేరు తర్వాత, ముందు చూడండి అనేవారు. చూశాను. ఆకు నా చిటికెన వేలంత వెడల్పు. కొన మొనదేలి లేదు, పడవ ముక్కులాగా మొద్దుగా ఉంది. కాడ గుండ్రంగా కాక, వేళ్ళతో నొక్కినట్టు బల్లపరుపుగా ఉంది. ఒక కాడను పట్టి లాగితే కణుపు కణుపు దగ్గర వేరు ఊడి వచ్చింది. అది నేల మీదే పాకుతుంది, నేల కిందికి పోదు. గరిక అలా కాదు. గరిక ఆకు సన్నం, మొన వాడి, అది నేల పైనా పాకుతుంది, కిందా పాకుతుంది. మా కాలేజీ లైబ్రరీలో తోటల పుస్తకం తీసి చూశాను. మనం కిటికీలోంచి చూసింది బఫెలో గడ్డి. విత్తనం చల్లితే రాదు, కాడలు తెచ్చి నాటాలి. ఎండాకాలపు గడ్డే, అయినా నీడను ఓర్చుకుంటుంది.

ఇంకో మాట. ఆగస్టులో చిత్తూరు దగ్గర మన మామిడితోటలో నేను నాటిన గరిక గురించి పోయిన ఉత్తరంలో పరవాలేదని రాశాను. పరవాలేదు కాదు. అది పోయింది. గరికకు రోజంతా ఎండ కావాలి. వినాయకుడికి పెట్టే గడ్డి కాబట్టి పాపను పూడ్చిన చోట అదే ఉండాలని ఇద్దరం అనుకున్నాం. పైన మామిడిచెట్టు ఉందన్న సంగతి ఆలోచించలేదు.

జూలైలో నాయనా, బావా పాపను తోటకు తీసుకెళ్ళినప్పుడు నేనూ అమ్మా నీ దగ్గరే ఉన్నాం. ఆడవాళ్ళు వెళ్ళకూడదన్నారు. తర్వాత నేను పార తీసుకొని వెళ్ళి అడిగితే, నాయన గట్టు మీదే నిలబడి చేయి చాపి, బావి నుంచి రెండో చెట్టు కింద అని చూపించాడు. అంతకంటే దగ్గరికి రాలేదు. ఆ రెండో చెట్టు కిందే ఈ గడ్డి వేయనా?

ఒక కాడ ఈ కవరులో పెడుతున్నాను. అదో కాదో చూసి చెప్పు.

మోహన


నగరి
అక్టోబరు 24

మోహనకు,

అదే. కవరు చింపతానే తెలిసిపోయినాది. వాడిపోయినా ఆ మొద్దు ముక్కు అట్నే ఉండాది. ఏమ్మే, గడ్డిపోచకు ఇంత పెద్ద ఉత్తరం రాసేది ప్రపంచంలో నువ్వొక్కతివే. నీకు మొగుడొచ్చినాక వాణ్ణి గూడా ఇట్నే కణుపు కణుపూ లెక్క పెడతావేమో.

ఉత్తరాలే రాయి. ఫోన్ చేస్తే ఈ మరమగ్గాల మోతలో నువ్వు చెప్పేది నాకు వినపడదు. నేను చెప్పేది మాత్రం ఇంటిల్లిపాదికీ వినపడతాది.

ఈడ పాప మాట ఎత్తేదానికి లేదు. మొన్న అన్నం కలపతా కలపతా నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అత్త సూసింది. ఆమె చెడ్డది కాదు మోహనా, నా కంచంలో నెయ్యి వేస్తానే చెప్పింది. "ఏడవని బిడ్డకి ఏడస్తారా లోకా? ఏడిస్తే గదా బిడ్డ. ఏడవని దానికి పేరు లేదు, తిథి లేదు. మర్చిపో."

అందరూ అదే చెప్పినారు. అమ్మా అదే చెప్పినాది. పుట్టినాక ఏడవనే లేదంట. నాకు పూర్తి మత్తు ఇచ్చి కోసినారు, లేసేటప్పటికి అంతా అయిపోయుండాది. సూపించండి అంటే సూడకూడదన్నారు. పక్క మీద పడుకోని కిటికీలోంచి ఆ గడ్డినే సూస్తా ఉంటిని. పాప మొగం ఎట్లుంటాదో నాకు తెలీదు. కండ్లు మూసుకుంటే ఆ గడ్డే కనపడతాది. అందుకే అది కావాలంటా ఉండా. పిచ్చి అనుకోవద్దు.

మీ బావ మగ్గం దగ్గర నిలబడితే నిలబడే ఉంటాడు. దారం తెగినా సూసుకోడు.

నాటు. ఎట్ల నాటినావో అంతా రాయి. నేను ఈడ ఉండే నీతో నాటినట్టు ఉండాల.

లోకేశ్వరి


తిరుపతి
నవంబరు 11

అక్కకు,

నాటాను. తోటమాలికి నా మీద జాలి కలిగిందేమో, గోనెసంచి నిండా కాడలు తవ్వి ఇచ్చాడు. చిత్తూరు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ "ఆవుకా?" అని అడిగింది. అవునన్నాను. అదే సులువు.

ముందు మిగిలిన గరిక వేళ్ళు ఏరేశాను. మట్టి వేలి లోతున గుల్ల చేసి, చివికిన ఎరువు చల్లి, కాడల్ని కణుపులు మట్టికి తగిలేలా జానెడు దూరాన పడుకోబెట్టాను. ఆకులు పైకి ఉండాలి, పూర్తిగా పూడ్చకూడదు. కాలితో మెల్లగా అదిమి నీళ్ళు పోశాను. వేరు పట్టేదాకా మట్టి ఆరకూడదు. ఆ సాయంత్రమే వాన మొదలైంది. వారమంతా పడుతూనే ఉంది. నా పని అదే చేస్తోంది.

ఇంకో సంగతి. గట్టు పక్కన ఉన్న చెట్టు కింద కొత్తగా కొట్టిన తుమ్మకంప పరిచి ఉంది. మేకలు రాకుండా అనుకుంటాను. మన గడ్డి చుట్టూ కూడా కొంచెం వేయమని నాయనను అడిగాను. "అట్నే" అన్నాడు. తర్వాతి ఆదివారం వెళ్తే వేసి ఉంది. కానీ నేను నాటుతున్నంతసేపూ ఆయన బావి దగ్గరే ఉన్నాడు.

పాప మాట అమ్మ ఎత్తదు. నేనూ ఎత్తలేదు. నేను ఇంటికి వెళ్తే నా చేతుల మట్టి చూసి, సబ్బు చేతికిచ్చి వెళ్ళిపోతుంది.

మోహన


నగరి
జనవరి 9

మోహనకు,

రెండు నెలలయినాది, ఉత్తరం లేదు. చలికి గడ్డి ఎట్లుండాది? నిన్న మా ఆడబిడ్డ కొడుక్కి మొదటి పుట్టినరోజు. అందరూ నా మొగం సూసి నవ్వేది ఆపేస్తా ఉంటే, నేనే గట్టిగా నవ్వినా. వాళ్ళ కోసరం. రాత్రి మీ బావ నా కాళ్ళ దగ్గర కూర్చోని "పోదామా చిత్తూరికి" అన్నాడు. మళ్ళీ ఆయనే "వద్దులే, అమ్మ ఒప్పుకోదు" అన్నాడు. ఒక్క మాట అడిగి ఒక్క మాటతో మూసేస్తాడు.

గడ్డి చచ్చిపోయుంటే చచ్చిపోయినాదనే రాయి. గరిక మాదిరి దాచొద్దు.

లోకేశ్వరి


తిరుపతి
జనవరి 15

అక్కకు,

చావలేదు. దాచడం లేదు.

రంగు తగ్గింది. ఆకులు పసుపు తిరిగి, కొన్ని అంచుల దగ్గర గోధుమరంగుకు వచ్చాయి. డిసెంబరులో చూసి భయపడ్డాను, అందుకే రాయలేదు. పుస్తకంలో చూస్తే ఈ జాతి గడ్డి చలికి పెరగడం ఆపేస్తుందని ఉంది. అయినా నమ్మకం కుదరక పోయిన ఆదివారం ఒక కాడను గోటితో గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది. కణుపు దగ్గర లాగితే రాలేదు, వేరు గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు దానికి చేయాల్సింది తక్కువ. ఎరువు వేయకూడదు, కోయకూడదు. మట్టి బాగా ఎండితేనే నీళ్ళు. దాని మానాన దాన్ని వదిలేయాలి. ఫిబ్రవరి దాటి ఎండలు వస్తే తానే లేస్తుంది.

ఆడబిడ్డ కొడుకు పుట్టినరోజున నువ్వు నవ్వావని చదివి, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.  

మోహన


తిరుపతి
జూన్ 23

అక్కకు,

గడ్డి అల్లుకుపోయింది. ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపడతావు. వేసవిలో వారానికి రెండుసార్లు మట్టి లోతుగా తడిసేలా నీళ్ళు పెట్టమన్నాను, నాయన పెట్టాడు. ఒకసారి కత్తెరతో పైపైన కత్తిరించాను. ఈ గడ్డిని పొట్టిగా కోయకూడదు, నాలుగు వేళ్ళ ఎత్తు ఉంచాలి. ఒక అంచు దగ్గర కాడలు ముదురు నీలం తిరిగి పాకుతున్నాయి, అవి కొత్తవి.

ఇప్పుడు కోతలు. తోట నిండా మనుషులు, తోతాపురి కాయల కుప్పలు. నిన్న చిన్న గొడవ జరిగింది. కోసేవాళ్ళ మేస్త్రీ ప్రేమానందం గట్టు పక్క చెట్టు కింద కాయలు పోయించబోయాడు. లారీకి అదే దగ్గర. నాయన పరుగున వచ్చాడు. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆడ పోయద్దు."

"ఏమన్నా, నీడుండాది, దోవ దగ్గర..."

"ఆడ పోయద్దంటినా? ఇంగ యాడన్నా పోసుకో పో."

"ఇంగ యాడ? ఆ గడ్డి మీదనా?"

"పోసుకో."

నేను వెళ్ళి అడ్డం నిలబడ్డాను.  ప్రేమానందం నన్నూ నాయననూ చూసి, "తండ్రీ కూతుళ్ళు తోటంతా పంచుకున్నారే! నేను కాయలు నా నెత్తిన పోసుకుంటాలే" అని బావి అవతలికి పోయించాడు. నాయన గడ్డి సంగతి మరిచిపోయి ఉంటాడు, ఎండకు తల తిరిగిందేమో. ఆయనకూ వయసవుతోంది.

మోహన


నగరి
జూలై 2

మోహనకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా. నువ్వు ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభమే? నువ్వు రాసిందే నీకు అర్థం కాలా.

నాయన ఏదీ మర్చిపోడు. ఏ చెట్టుకు ఏ ఏడు పూత రాలిందో చెప్పతాడు. గడ్డి మీద పోసుకోమన్నాడు, కంప వేసిన చెట్టు కింద వద్దన్నాడు. పరిగెత్తినాడు.

ఉత్తరం పట్టుకోని మీ బావ దగ్గరికి పోయినా. మగ్గం ఆపమన్నా. ఆపినాడు. ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయినాది. అత్త గూడా వంటింట్లోంచి తొంగి సూసినాది. సూడనీలే అనుకోని ఆమె ముందరే అడిగినా. "పాపను యాడ పెట్టినారు?"

ఆయన కింద సూసినాడు. "గట్టు పక్క చెట్టు" అన్నాడు. "నేనే దించినా. నా తువ్వాల్లో సుట్టి."

ఏడాది, మోహనా. ఏడాది నా పక్కనే పడుకోని ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించినా గదా ఆయనకు, రెండో చెట్టు, రెండో చెట్టు అని. విన్నాడు, ఊరుకున్నాడు. నీ గడ్డి కింద ఏమీ లేదు.

నీ మీద కోపం లేదు. ఎవురి మీద పెట్టుకోవాలో తెలీక నీకు రాస్తా ఉండా.

ఆ రోజే ఆయన వాళ్ళమ్మతో చెప్పినాడు, వినాయక చవితికి కాణిపాకం పోతామని. దేవుడి పేరు చెప్తే ఆమె వద్దనలా. తోట ఆ దోవలోనే గదా. మీ బావ ఆడ బండి ఆపతానన్నాడు. నేను వచ్చేటప్పటికి నా బిడ్డ యాడుండాదో నాకు తెలియాల. తప్పు చోట కూర్చోని ఏడిసి వచ్చేదానికి నేను రాను.

లోకేశ్వరి


చిత్తూరు
జూలై 14

అక్కకు,

ఇంటి నుంచే రాస్తున్నాను. సెలవు పెట్టి వచ్చాను.

నాయన తోటలో ఒక్కడే ఉన్నప్పుడు వెళ్ళాను.  నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. కళ్ళద్దాలు లేవు చదవమన్నాడు. చదివాను. "తప్పు చోట కూర్చోని ఏడిసి" అన్న చోట చేయి అడ్డం పెట్టి ఆపమన్నాడు.

"పూడ్చిన చోటు గుర్తు పెట్టుకుంటే మళ్ళీ కడుపు పండదని మీ అక్క అత్తగారు చెప్పి పంపిండె. మీ అమ్మా అదే అన్నాది. నువ్వేమో పార ఎత్తుకోని వచ్చి యాడ నాయనా అంటివి. నేనేం చేసేదిమ్మా? ఈడ కాకుంటే ఆడ సూపిస్తే, నువ్వు గడ్డేసుకుంటావు, మీ అక్క మనసు నిమ్మళంగా ఉంటాది, వీళ్ళ మాటా పోదు అనుకున్నా."

"మరి కంప?"

"కుక్కలు తవ్వతాయి గదా" అన్నాడు. "ఎండిపోయినప్పుడల్లా మార్చినా" అన్నాడు.

అంతకంటే ఆయన్ని ఏమీ అడగలేకపోయాను, అక్కా. నువ్వూ అడగవద్దు.

తర్వాత ఆయనే పార తెచ్చాడు. ఇద్దరం రెండో చెట్టు కింది గడ్డిని మట్టితో సహా అరచేయంత పలకలుగా కోశాం. వేళ్ళు అంత పట్టుకొని ఉంటాయని నేను అనుకోలేదు. గంపలో పెట్టి గట్టు దగ్గరికి మోశాం. నాయన కంప తీశాడు. అక్కడ నేల కొంచెం కుంగి ఉంది. అంతే, ఇంకే గుర్తూ లేదు. పలకలు ఒకదాని పక్కన ఒకటి పరిచాం. మధ్య సందుల్లో నేను మట్టి నింపాను. పరిచాక కాలితో అదమాలి, లేకపోతే వేళ్ళ కింద గాలి నిలిచి ఎండిపోతాయి. నాయన చెప్పులు విప్పి, గట్టు మీద పెట్టి వచ్చి అదిమాడు. ఒక్కొక్క అడుగూ దించే ముందు ఆగాడు.

ఇంటికి వచ్చాక అమ్మ ఇద్దరి చేతులూ చూసింది. సబ్బు ఇవ్వలేదు. తనే చెంబుతో నీళ్ళు పోసింది.

చవితిలోగా నాటుకుంటుంది. రోజూ నీళ్ళు పెడతానని నాయన అన్నాడు.

మోహన


నగరి
సెప్టెంబరు 1

మోహనకు,

చవితి రోజు తోటలో మీ అందరి ముందర చెప్పలేనిది, ఇంటికొచ్చినాక రాస్తా ఉండా.

బావ బండి ఆపినాడు. నేను దిగినా. నువ్వు గట్టు కాడే ఆగిపోతివి, నాకు తెలుసు, ఆగాలనే ఆగితివి. కూర్చున్నా. గడ్డి మీద చేయి పెట్టినా. సల్లగా ఉండాది. దూరం నుంచి మెత్తగా కనపడతాది గానీ ముట్టుకుంటే బిరుసుగా ఉండాదే అది! ఆస్పత్రిలో కిటికీలోంచి సూసినప్పుడు పరుపు మాదిరి ఉండె. బావ వచ్చి పక్కన కూర్చోని "ఇంత పొడుగుండె" అని రెండు చేతులు చాపి సూపించినాడు. ఆ చేతులు చాలాసేపు అట్నే పెట్టుకోని ఉండినాడు.

పేరు పెట్టాలని నోటిదాకా వచ్చినాది. ఒక పేరు అనుకోని ఉండా, ఎవురికీ చెప్పలా. మళ్ళీ అత్త మాట గుర్తొచ్చినాది, ఏడవని బిడ్డకు పేరు లేదని. మింగేసుకున్నా. ఒక్కసారన్నా ఏడిసింటే, నేను వినకపోయినా సరే, నాకు బిడ్డ పుట్టినాదని చెప్పుకుందును గదా. అంతే. ఇంకేమీ లేదు.

గడ్డి సూసుకో. నాయన కాళ్ళకు నా తరఫున దండం పెట్టు.

లోకేశ్వరి


తిరుపతి
సెప్టెంబరు 8

అక్కకు,

నిన్న తోటకు వెళ్ళాను. పలకల మధ్య గీతలు కనబడడం లేదు, కలిసిపోయాయి. గట్టు వైపు రెండు కాడలు బయటికి పాకాయి. తుంచలేదు. అక్టోబరు వానలు వస్తే నీళ్ళు ఆపమని నాయనకు చెప్పాను. నిలవ నీళ్ళలో వేరు కుళ్ళుతుంది. చలికి మళ్ళీ రంగు పోతుంది. ఈసారి భయపడకు.

రెండో చెట్టు కింద కోసిన చోట అంచుల్లో మిగిలిన కాడలు మళ్ళీ లేస్తున్నాయి. తీసేయమంటావా అని నాయన అడిగాడు. ఉండనిమ్మన్నాను.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను.

ఆపరేషన్ రోజు ఉదయం నాయన మందుల కోసం వెళ్ళాడు. అమ్మ కాఫీ తేవడానికి వెళ్ళింది. బావ అప్పటికి నగరి నుంచి రాలేదు. థియేటర్ తలుపు బయట బల్ల మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఒళ్ళో పుస్తకం ఉంది, తెరవలేదు. తలుపు వెనక నుంచి వినిపించింది. చిన్న గొంతు, ఒక్కసారి, మళ్ళీ లేదు. అమ్మ రాగానే చెప్పాను. అది ఇంకెవరి బిడ్డో అంది, ఆ మాట ఇంకెప్పుడూ అనవద్దంది. అమ్మకే బాగా తెలుసు అనుకున్నాను.

ఆ ఉదయం లోపల ఇంకెవరూ లేరు, అక్కా. నువ్వొక్కదానివే ఉన్నావు.

పాప ఏడ్చింది.